గంట మోగగానే చప్పట్లు

ఆన్‌లైన్ మార్కెటింగ్‌లోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. నెట్‌వర్కింగ్ మీట్లకు వెళ్లాలా, వద్దా అని. వెళ్లండి. ఇడ్లీ వేడిగా ఉంటుంది, అల్లం చట్నీ బాగుంటుంది, ఏసీ హాలు. అంతకు మించి అక్కడ ఏం దొరుకుతుంది, ఏం పోతుంది అని అడిగితే మాత్రం కాస్త కూర్చుని వినాలి. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోపంలో రాస్తున్నాను కాబట్టి ఎక్కడైనా మర్యాద తప్పితే సర్దుకోండి.

నా పేరు మస్తాన్. చిలకలూరిపేటలో గోడల మీద ప్రకటనలు రాయడంతో మొదలుపెట్టాను. తర్వాత గుంటూరులో ఫ్లెక్సుల షాపు పెట్టాను. చివరి పదమూడేళ్లు విత్తనాల కొట్లకు, పత్తి జిన్నింగు మిల్లులకు, మిర్చి వ్యాపారులకు ఫోన్లలో ప్రచారం చేసిపెట్టి, పోయిన ఏడాది చాలించాను. ఎంతమంది ఫాలోవర్లను తెచ్చానో, ఏ ఏ సర్టిఫికెట్లు గోడకు తగిలించానో ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు. నేను చేసిన ఒక్క తప్పు గురించి రాస్తాను. అది తెలిస్తే మీకు పనికొస్తుంది.

మాస్టారు అడిగిన చెంచాడు నూనె

నాకు గోడ రాతలు నేర్పింది కరీముల్లా మాస్టారు. మహా కోపిష్టి. బ్రష్షు కడగకుండా పెడితే నడివీధిలో నిలబెట్టి తిట్టేవారు. ఒకసారి ఒక నూనె మిల్లు యజమాని వచ్చి, హైవే పక్క గోడ మీద 'స్వచ్ఛమైన వేరుశనగ నూనె' అని నిలువెత్తు అక్షరాలతో రాయమన్నాడు. మాస్టారు చెంచాడు నూనె తెప్పించమన్నారు. అరచేతిలో పోసుకుని వాసన చూశారు, నాలుక మీద వేసుకున్నారు. 'నూనె' అని రాస్తాను గానీ 'స్వచ్ఛమైన' అని రాయను అన్నారు. మిల్లు యజమాని నానా మాటలూ అని వెళ్లిపోయాడు. వారం రోజుల పని చేతికొచ్చి పోయింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. రాసేవాళ్లం మనం, రుచి చూడ్డానికి మనమెవరం అని అడిగేశాను. మాస్టారు బ్రష్షు తుడుచుకుంటూ నా వంక చూడకుండానే చెప్పారు.

"ఆ నూనె వాడి కడుపు పాడైనోడు మిల్లు దాకా పోడు రా. ఈ గోడ కాడికొచ్చి తిడతాడు. గోడ మీద చెయ్యి నీది."

అప్పుడు చాదస్తం అనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత, ఈ వృత్తి గురించి నాకు తెలిసినదంతా ఆ చెంచాడు నూనెలోనే ఉందని ఒప్పుకుంటున్నాను.

అంతెందుకు, మన గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి చూడండి. కొనేవాడెవడూ బస్తా మీది కాయ చూసి కొనడు. మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగు కాయ పైకి తీస్తాడు. విరుస్తాడు, గింజ చూస్తాడు, వాసన పీలుస్తాడు. తుమ్ములొస్తాయి, కళ్లు మండుతాయి, అయినా చూస్తాడు. అక్షరం ముక్క రానివాడు కూడా మిర్చి కొనేటప్పుడు చూపించే జాగ్రత్త, పెద్ద చదువులు చదివిన మా మార్కెటింగ్ మేధావులకు మనుషుల దగ్గర లేదు.

హాల్లో జరిగే తంతు

మా క్లబ్బు వారానికోసారి, పొద్దున్నే ఏడింటికి, గుంటూరులో ఒక హోటలు మేడ మీద కలిసేది. డిజిటల్ వ్యాపారాల వాళ్లు, వెబ్‌సైట్లు కట్టేవాళ్లు, వీడియోలు తీసేవాళ్లు, యాడ్లు నడిపేవాళ్లు. వాళ్ల మధ్యలో పంటి డాక్టరు ఒకాయన, తుళ్లూరు వైపు ప్లాట్లు అమ్మే ప్రసాదరావు గారు. ఆయనే క్లబ్బు అధ్యక్షుడు. మిగతావాళ్లంతా కోచ్‌లు. గ్రోత్ కోచ్, మైండ్‌సెట్ కోచ్, బ్రాండ్ కోచ్. హాలు నిండా కోచ్‌లే, ఆట ఆడేవాడు మాత్రం ఒక్కడూ కనిపించేవాడు కాదు.

ఒక్కొక్కరు లేచి ఒక్క నిమిషంలో తమ గురించి చెప్పుకోవాలి. నిమిషం కాగానే అధ్యక్షుడు బల్ల మీది ఇత్తడి గంట కొడతారు. గంట మోగగానే అందరూ చప్పట్లు కొట్టాలి. మాట్లాడింది బాగుందా, చెత్తగా ఉందా, అబద్ధమా అన్నదానితో సంబంధం లేదు. ఒకసారి కొత్తగా చేరిన ఒకాయన లేచి, భయంతో నోట మాట రాక, నిమిషమంతా కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. గంట మోగింది. చప్పట్లు కొట్టాం. ఆయన నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ఆ రోజు ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పి పడీ పడీ నవ్వాను. అందులో నవ్వాల్సిందేమీ లేదని తర్వాత తెలిసింది.

రెండో ఆచారం ఇంకా ఘోరం. ప్రతి సభ్యుడూ వారానికి ఒక రిఫరల్ తేవాలి. అంటే, ఫలానా వాళ్లకు నీ పని అవసరం ఉంది, వెళ్లి కలువు అని, పేరూ నంబరూ చీటీ మీద రాసి తోటి సభ్యుడికి అందరి ముందూ ఇవ్వాలి. తేలేనివాడు లేచి నిలబడితే హాలంతా ఒక్క గొంతుతో "అయ్యో" అంటుంది. సరదాకేనట! నెత్తిన జుట్టు తెల్లబడ్డ మనిషిని నిలబెట్టి పాతికమంది అయ్యో అనడం ఏం సరదానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ అయ్యో తప్పించుకోవడానికి జనం నోటికొచ్చిన పేరు రాసేవాళ్లు. బావమరిది పేరు, స్కూటరు మెకానిక్కు పేరు, ఆఖరికి పక్కింటి వాళ్ల పేరు.

నేనూ రాశాను. అందుకే ఈ రాత.

చీటీ మీద రాసిన పేరు

నాగేంద్రమ్మది దర్శి అవతల ఒక పల్లె. భార్యాభర్తలు నాలుగెకరాల్లో మిర్చి వేస్తారు. పండిన కాయనంతా యార్డుకు తోలకుండా, కొంత ఇంటి దగ్గరే తొడిమలు తీయించి, ఎండబెట్టి, కారం కొట్టించి ప్యాకెట్లు కట్టేది. ఊళ్లో ఎనిమిది మంది ఆడవాళ్లకు అదే పని. ప్యాకెట్ల మీద అంటించే లేబుళ్లకోసం మా షాపుకొచ్చింది. మాస్టారి అలవాటు కొద్దీ చిటికెడు నోట్లో వేసుకున్నాను. నాలుక చురుక్కుమంది గానీ గొంతులో మంట లేదు, కాయ వాసన గుప్పుమంది. "అమ్మా, దీనికి ప్రచారం అక్కర్లేదు" అన్నాను.

ఆమె వదల్లేదు. ఆన్‌లైన్‌లో పేజీ పెట్టించమని రెండుసార్లు అడిగింది. సీజను అయిపోనీ అని నేనే వాయిదా వేశాను. బద్ధకం, ఇంకేం లేదు.

ఆ వారం మీటింగుకు నా దగ్గర చీటీ లేదు. అంతకు ముందు వారం కూడా లేదు. నా వంతు దగ్గరపడుతోంది. జేబులో నాగేంద్రమ్మ లేబులు నమూనా ఉంది. గబగబా ఆమె పేరు, ఫోన్ నంబరు చీటీ మీద రాసి కిరణ్ అనే గ్రోత్ కోచ్‌కు ఇచ్చాను. గంట మోగింది. చప్పట్లు. ఆ క్షణంలో నా ఛాతీ కూడా కాస్త ఉబ్బింది, దాచుకోను.

కిరణ్ అంటే ఎవరు? ముప్పై ఏళ్లవాడు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, నవ్వు మొహం. అతని ఒక్క నిమిషం ప్రసంగం ఏడాదిపాటు ప్రతి వారం విన్నాను, నిద్రలో లేపినా అప్పజెప్పగలను. అతను ఎవరికి ఏ పని చేశాడు, చేయించుకున్నవాళ్లు ఇప్పుడు ఏమంటున్నారు అని మాత్రం ఒక్కరోజు కూడా అడగలేదు. మిర్చి వ్యాపారుల మధ్య ఇన్నేళ్లు పనిచేసినవాణ్ణి, బస్తా మీది కాయ చూసి మనిషిని అప్పగించేశాను.

నాలుగు రోజులకు నాగేంద్రమ్మ ఫోన్ చేసింది. నేను ఎక్కడో మిల్లులో ఫోటోలు తీయిస్తున్నాను. తనకు మెయిల్ లేదని, అందుకని కిరణ్ తన మెయిల్‌తోనే పేజీ తెరుస్తానంటున్నాడని, పరవాలేదా అని అడిగింది. నేను ఆలోచించలేదు.

"పర్లేదమ్మా, మనవాడే" అన్నాను.

ఎక్కడి మనవాడు? నాతో ఒకే బల్ల మీద ఇడ్లీ తిన్నాడు, అంతే.

ఎవరి మొహం, ఎవరి పేజీ

మొదట అంతా బాగానే జరిగింది. కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య ఆమె నిలబడి, మా ఇంట్లో తినేదే మీకు పంపుతాను అని నవ్వుతూ చెప్పిన వీడియో తీశాడు. నిజంగా బాగా తీశాడు, ఆ మాట కాదనను. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఆర్డర్లు వచ్చిపడ్డాయి. నాగేంద్రమ్మ మా ఇంటికి రెండు కిలోల కారం పంపింది. నేను క్లబ్బులో గొప్పలు చెప్పుకున్నాను.

రెండో ఏడు కాయ తగ్గింది. ఉన్నంతవరకే పంపుతానంది ఆమె. కిరణ్ ఒప్పుకోలేదు. బయట తాలు కాయ చవగ్గా దొరుకుతుంది, అది మరపట్టించి మీ ప్యాకెట్లో పోద్దాం అన్నాడు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, ఏరి పారేసేది. దానికి ఎరుపు రావాలంటే రంగు కలపాలి. నాగేంద్రమ్మ ఛీ పొమ్మంది. సరే మీ ఇష్టం అని అతను నవ్వి ఊరుకున్నాడు. ఊరుకుని ఏం చేశాడంటే, ఆ పేజీని, ఆ వీడియోతో సహా, వేరే వ్యాపారికి ఇచ్చేశాడు. పేజీ మీద ఆమె పేరు, ఆమె మొహం, ఆమె నవ్వు. ప్యాకెట్లో వాడి కారం.

ఆమెకు తెలిసింది ఎట్లా? బెంగళూరు నుంచి పాత ఖాతాదారు ఒకామె ఫోన్ చేసి కడిగిపారేసింది. మీ మొహం చూసి మా అమ్మకు కూడా పంపించాను, చేతికంటిన ఎరుపు సబ్బు పెట్టినా పోవడం లేదు, కడుపులో మంటతో ఆమె రెండు రోజులు మంచం దిగలేదు అని. నాగేంద్రమ్మ మర్నాడే మా షాపుకొచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"నేను పొలం అమ్ముకున్నా మళ్లా కొనుక్కుంటానన్నా. నా మొహం పెట్టి వాళ్లు అమ్ముతుంటే, నా మొహం నేనెట్టా ఎనక్కి తెచ్చుకోను?"

ఆ ఎనిమిది మంది ఆడవాళ్లకు పని ఆగిపోయింది. ఎవరికి ఫోన్ చేసినా, ఇంతకుముందు పంపారుగా ఆ రంగు కారం, చాల్లేమ్మా అంటున్నారట.

పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే పేజీ ఎవరి మెయిల్ మీద ఉందని అడిగారు. కిరణ్ మెయిల్ మీద. పరవాలేదన్నది నేను. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే మిషను జవాబిచ్చింది, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని. కిరణ్‌ను పట్టుకుని అడిగితే, వీడియో తీసింది తనే కాబట్టి హక్కులు తనవేనట. బిజినెస్‌ను పర్సనల్‌గా తీసుకోకూడదట, అంకుల్! ఒక మనిషి మొహం కంటే పర్సనల్ ఏముంటుందయ్యా అని అరిచాను. అధ్యక్షుడు ప్రసాదరావు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి చల్లగా చెప్పారు.

"మనలో మనం గొడవలు పడితే హాల్లో పాజిటివ్ ఎనర్జీ పోద్దండి మస్తాన్ గారూ."

ఒక్క నిమిషం

ఆ నెలలోనే కిరణ్‌కు సన్మానం పెట్టారు. ఏడాదిలో ఉత్తమమైన పని చేసినందుకట. ఏ పనో తెలుసా? తెర మీద వేసింది నాగేంద్రమ్మ వీడియోనే. మా నియమాల ప్రకారం ఏ సభ్యుడైనా ఒక అతిథిని తేవచ్చు, అతిథికి కూడా ఒక్క నిమిషం ఇస్తారు. ఆమెను రమ్మన్నాను. నలుగురిలో నిజం చెబితే సిగ్గుతోనైనా పేజీ ఇచ్చేస్తాడని నా ఆశ. హాలంటే నాకింకా అంత నమ్మకం.

ఆమె ముందురోజే గుంటూరు వచ్చి చెల్లెలి ఇంట్లో ఉండి, తెల్లారి ఏడింటికల్లా హాలుకు వచ్చింది. జరీ అంచు చీర, చేతిలో గుడ్డ సంచి. ఆమె ఎవరో కొందరు గుర్తుపట్టారు. వీడియోలో ఆవిడే అని గుసగుసలు, సెల్ఫీలు. కిరణ్ లేచొచ్చి నమస్కారం పెట్టాడు. ఆమె తిరిగి పెట్టలేదు.

వంతు వచ్చాక ఆమె బల్ల మీద రెండు గాజు గ్లాసులతో నీళ్లు పెట్టింది. సంచిలోంచి రెండు పొట్లాలు తీసింది.

"ఇది నేను కొట్టించిన కారం. ఇది నా మొహం పెట్టి అమ్ముతున్న కారం. చూడండి." రెండు గ్లాసుల్లోనూ చిటికెడు చిటికెడు వేసింది. ఆమె కారం మెల్లగా అడుక్కి దిగింది. రెండో గ్లాసులో ఎర్రటి చారలు కిందికి జారి నీళ్లన్నీ రంగు తిరిగాయి. "ముసలామె ఒకామె ఇది తిని మంచాన పడింది. నన్ను తిట్టుకుంటా ఉంది. నా పేజీ వాళ్లకిచ్చినాయన ఈడే కూర్చోనున్నాడు. మీరంతా చదువుకున్నోళ్లు, పెద్దోళ్లు. నా పేజీ నాకు ఇచ్చెయ్యమని మీరన్నా చెప్ప..."

గంట మోగింది.

చప్పట్లు. హాలంతా చప్పట్లు. కిరణ్ కూడా కొట్టాడు, నవ్వుతూ. చాలా టచింగ్ స్టోరీ అన్నారు అధ్యక్షుడు గారు, నెక్స్ట్ అన్నారు. పక్కనున్న పంటి డాక్టరు లేచి తన నిమిషం మొదలుపెట్టాడు. ఇద్దరు వీడియోల వాళ్లు వంగి వంగి వచ్చి, మేడమ్ మీ కథతో రీల్ చేద్దాం అని ఆమె చేతిలో విజిటింగ్ కార్డులు పెట్టారు. బల్ల మీద ఆ ఎర్ర నీళ్ల గ్లాసు అలాగే ఉంది.

ఇక్కడ నేను లేచి గంట లాక్కుని నాలుగు చీవాట్లు పెట్టానని రాసుకుంటే బాగుండేది. పెట్టలేదు. ఆమె కార్డులు బల్ల మీద వదిలేసి, గ్లాసుల్లో నీళ్లు వాష్‌బేసిన్‌లో పారబోసి, సంచి సర్దుకుని బయటికి నడిచింది. నేను వెనకాల మెట్లు దిగాను. సగం మెట్ల మీద ఆగి నా వంక చూసింది.

"మీరు కూడా కొట్టారన్నా."

నేను కొట్టాను. నాకు తెలియనే తెలియదు. గంట మోగింది, చేతులు కలిశాయి. ఏడేళ్ల అలవాటు. నూనె రుచి చూడందే గోడ మీద అక్షరం పెట్టని మనిషి దగ్గర పని నేర్చుకుని, ఒక ఆడమనిషి గొంతు సగంలో కోసేస్తే చప్పట్లు కొట్టే స్థితికి వచ్చాను. అక్కడే సిగ్గుతో చచ్చిపోయాను.

క్లబ్బుకు రాజీనామా పంపాను. వాట్సాప్ గ్రూపులో ఇరవై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

చెప్పదలుచుకున్నది

పిల్లలూ, మీట్లకు వెళ్లొద్దని అనను. నాకు అక్కడ మంచివాళ్లూ దొరికారు. కానీ ఒకరి పేరు చీటీ మీద రాసేముందు, చీటీ ఎవరికిస్తున్నారో వాడి దగ్గర మోచేతిదాకా చెయ్యి పెట్టి చూడండి. వాడి పాత ఖాతాదారులు ముగ్గురితో మాట్లాడండి. ఎవరి వ్యాపారమో వాళ్ల ఫోన్లో, వాళ్ల మెయిల్‌తో, వాళ్ల చేత్తోనే పేజీ తెరిపించండి. వాళ్లకు రాదు, మనమే చేసేద్దాం అనిపిస్తుంది. అదే మొదటి దొంగతనం. నేను చేసింది అదే, మంచివాణ్ణి అనుకుంటూ చేశాను. 'అయ్యో' అనిపించుకోండి, ఫర్వాలేదు. పాతికమంది అయ్యో అంటే ఎవరూ చావరు.

పాత పేజీ ఇంకా ఉంది. మా వకీలు నోటీసు పంపాడు, కిరణ్ వాళ్లు ఇంకో నోటీసు పంపారు, అలా నడుస్తోంది. ఆ వీడియోలో నాగేంద్రమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. కొత్త పేజీలో ఆమె మొహం ఉండదు. పెట్టనని చెప్పేసింది. గాజులున్న చెయ్యి ఒకటి బస్తాలోకి మోచేతిదాకా దిగి, అడుగు కాయ గుప్పెడు పైకి తీసి విరిచి చూపిస్తుంది, అంతే. ఎనిమిది మందిలో ముగ్గురికి మళ్లీ పని దొరికింది.

ఆ కొత్త పేజీ తెరవడానికి నేనే వాళ్ల ఊరు వెళ్లాను. కల్లం పక్కన మంచం వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. ఫోన్ ఆమె చేతిలోనే పెట్టి, ఏది నొక్కాలో పక్కన కూర్చుని చెప్పాను. మెయిల్ తెరిచింది, పేరు రాసింది. పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగే దగ్గరికి వచ్చాక ఆమె వేలు ఆగింది. ఫోన్ అటువైపు తిప్పుకుంది.

"ఏమనుకోబాకన్నా. కాసేపు అటు చూడు."

నేను తిరిగి, ఆరబోసిన కాయల వంక చూస్తూ కూర్చున్నాను. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. నిమిషంలో అయ్యే పని కాదది, చాలాసేపు పట్టింది. ఆమె సరేననేదాకా నేను ఇటు తిరగలేదు.